గట్టుకు పోయేటప్పుడు ముగ్గురం

పెద్దగట్టు జాతర గురించి మీరు పేపర్లలో చదివే ఉంటారు. సూర్యాపేట పక్కన గుట్ట మీద లింగమంతుల స్వామికి రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. ఎంత జనం వచ్చారో, హైవే మీద బండ్లు ఎంత దూరం ఆగిపోయాయో పేపరోళ్లు రాస్తారు. చంకలో ఒకణ్ణి, చేతికి ఒకదాన్ని పెట్టుకొని ఆ గుట్ట ఎక్కితే ఎట్లా ఉంటుందో మాత్రం ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నాను. నేను కోస్గిలో జాకెట్లు కుట్టుకునే మనిషిని. కొలతలు రాసుకోవడం తప్ప రాత పని పెద్దగా చేసినదాన్ని కాదు. తప్పులుంటే సర్దుకోండి.

ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే చదివేవాళ్లను మోసం చేసినట్టు అవుతుంది. ఇది సంబరంగా పోయి సంబరంగా వచ్చిన జాతర కాదు. చచ్చిపోయిన నా చెల్లెలు సుజాత మొక్కు తీర్చి, ఆమె పిల్లలిద్దరినీ వాళ్ల నాయినకు అప్పజెప్పి రావడానికి పోయాను. పోయేటప్పుడు ముగ్గురం. వచ్చేటప్పుడు నేనొక్కదాన్నేనని ఇంటికి తాళం వేసేటప్పుడే నాకు తెలుసు.

సుజాతను సూర్యాపేట దగ్గరి పల్లెలో గొర్ల మంద ఉన్న ఇంటికి ఇచ్చాం. మొదట ఆడపిల్ల, భవాని. తర్వాత కొడుకు పుడితే గట్టుకు గంప ఎత్తుతానని మొక్కుకుంది. గంప అంటే బోనం కుండ, పసుపు కుంకుమ, కొబ్బరికాయ పెట్టిన వెదురు గంప. దాన్ని నెత్తిన పెట్టుకొని పిల్లగాడితో గుడి చుట్టూ తిరగాలి. కొడుకే పుట్టాడు. స్వామి పేరే పెట్టి లింగస్వామి అంది. పోయిన జాతర నాటికి వాడికి ఐదు నెలలు. పోతానని ఫోన్ చేస్తే వద్దన్నది నేనే. "గా దుమ్ముల, గా జనంల పసిపిల్లగాన్ని ఏం తీస్కపోతవే? వచ్చే గట్టుకు నడిచి ఎక్కుతడు, అప్పుడు పోదువు తియ్" అన్నాను. సరే అక్కా అంది. ఆ వానాకాలమే జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో దవాఖానలో పోయింది.

మరిది మల్లేశ్ మంచివాడే. కానీ ఎండాకాలం వస్తే మందను తోలుకొని నెలల తరబడి నీళ్లున్న చోటుకు పోవాలి. ముసలి తల్లి ఒక్కతే పిల్లలను చూసుకోలేనంది. నాకు పిల్లలు లేరు, మా ఆయన పుణెలో మేస్త్రీ పనికి పోయి పండుగలకు వస్తాడు. అట్లా ఏడాదిన్నర పిల్లలిద్దరూ నా దగ్గరే ఉన్నారు. భవాని నన్ను పెద్దమ్మా అంటుంది. లింగడికి కన్నతల్లి గుర్తు లేదు. వాడికి మాటలు వచ్చింది నా ఇంట్లోనే, నన్ను అమ్మా అన్నాడు. వద్దని చెప్పే మనసు నాకు రాలేదు.

దసరాకు ముందు మల్లేశ్ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. సంక్రాంతి దాటాక ఫోన్ చేసి, "వదినె, ఈసారి గట్టుకు పిల్లలను తోలుకరా. మొక్కు తీరుస్తం. ఇగ పిల్లలు ఇక్కడనే ఉంటరు" అన్నాడు. మా ఆయనకు చెప్తే పుణె నుంచి, "వాళ్ల నాయిన పిల్లలే గదనే" అని ఊరుకున్నాడు. నిజమే. నిజమైనంత మాత్రాన మింగుడు పడుతుందా?

రెండు సంచులు

పిల్లలతో జాతరకు పోవాలంటే పెళ్లికి సర్దినంత సర్దాలి. మలీద ముద్దలు చేశాను. రొట్టెను నలిపి బెల్లం, నెయ్యి కలిపి ముద్ద కడితే రెండు రోజులు చెడదు. సర్వపిండి చేశాను. లింగడు కారం తినడు కాబట్టి వాడికి వేరే చప్పటిది. నీళ్ల సీసాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కడుపునొప్పికి ఓమ, కొబ్బరినూనె పెట్టుకున్నాను. ఒక పాత నూలు చీర కూడా. దాన్ని పరిస్తే పక్క, కడితే ఉయ్యాల, కప్పితే నీడ, చింపితే గుడ్డ. లింగడికి నాలుగు జతలు, భవానికి రెండు, నాకు ఒంటి మీదిదే.

జనంలో కనబడాలని ఇద్దరికీ ఒకే ఎర్ర బట్టతో కుట్టాను. పైగా ఇంకో తెలివి చేశాను. లింగడు చేయి వదిలితే ఉరుకుతాడు. కనబడకపోయినా వినబడాలని వాడి లాగు అంచుకు చుట్టూ పన్నెండు మువ్వలు కుట్టాను. పక్కింటావిడ చూసి, "ఏందక్కా, పిల్లగాన్ని మేకను చేసినవు" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ, జాతరలో పిల్లలు తప్పిపోతే తెలుస్తుంది అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అది ఒక రోజు సంచి. ఇంకో సంచి ఉంది. అందులో భవాని బడి టీసీ, పలకలు, లింగడి టీకాల కార్డు, ఇద్దరి స్వెటర్లు, రాత్రి పడుకునేటప్పుడు లింగడు చెవికి రుద్దుకునే పట్టు ముక్క. భవానికి ఆరేళ్లు. దాని దగ్గర ఏమీ దాచలేదు, నాయిన దగ్గరికి పోయి ఉండాలని చెప్పాను. అది ఏడవలేదు. సంచులు రెండింటినీ చూసి, "పెద్దమ్మా, వీట్ల ఏ సంచి మల్ల వస్తది?" అని అడిగింది. చూపించాను. అది పోయి తన రంగు పెన్సిళ్ల డబ్బా తిరిగొచ్చే సంచిలో పెట్టింది. నేను తీసి రెండోదాంట్లో పెట్టాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

కల్వకుర్తి దాకా

హైదరాబాద్ మీదుగా పోతే తొందరగా పోవచ్చని అందరూ చెప్పారు. నాకు తొందర లేదు. పాలమూరు, కల్వకుర్తి, దేవరకొండ, నల్లగొండ మీదుగా నకిరేకల్ చేరి రాత్రికి ఆగుదామని, బస్సులు మారుతూ పోయాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. కిరాయి లేదని సంతోషపడాలో, ఊరక తీసుకపోయి వదిలిపెట్టించే బస్సు అని తిట్టుకోవాలో తెలియలేదు.

జడ్చర్ల దాటగానే లింగడు పక్కసీటు ముసలాయన ధోవతి మీద కక్కాడు. పొద్దున తిన్న మలీద మొత్తం. నాకు ప్రాణం పోయినంత పని అయింది. పాతచీర కొంగుతో తుడుస్తుంటే ఆయన నా చేయి పట్టి ఆపాడు.

"ఏం గాదు బిడ్డ. మా ఇంట్ల ఐదుగురు పుట్టిన్రు. గీ దోతి ఎన్ని జూసిందో" అన్నాడు. తన సంచిలోంచి జామకాయ తీసి భవానికి ఇచ్చి, "నీ కొడుకేనా?" అని నన్ను అడిగాడు. అప్పుడే లింగడు అమ్మా అని నా మెడ పట్టుకున్నాడు.

"ఆఁ, నా కొడుకే" అన్నాను. భవాని నా వైపు చూసి జామకాయ కొరికింది. అబద్ధం ఆడానని తెలుసు. ఇంకా ఒక్కరోజు ఉంది కదా, ఆ ఒక్కరోజు ఎవరి సొమ్ము పోయిందని సర్ది చెప్పుకున్నాను.

కల్వకుర్తి బస్టాండులో ఆయన దిగిపోతూ, మొండికేస్తే కొట్టకు, పిల్లలు ఊర్కెనే పెద్దగయితరు అని చెప్పిపోయాడు. ఎంత ఊరికే పెద్దవాళ్లవుతారో నన్ను అడిగితే చెప్పేదాన్ని.

దేవరకొండ దాటాక రోడ్డుకు అటూ ఇటూ బత్తాయి తోటలు కనబడ్డాయి. మా కోస్గి వైపు వాన పడితే కంది, జొన్న. పడకపోతే పుణె బస్సు. ఇక్కడ చెట్టు నిండా కాయలు చూసి భవాని లెక్కపెట్టడం మొదలుపెట్టి వంద దాటాక నిద్రపోయింది. నల్లగొండలో పొద్దుగాల రొట్టె దొరుకుతుందా అని హోటలాయనను అడిగితే, "పొద్దుగాల రొట్టె ఎవ్వలు తింటరమ్మా, ఇడ్లీ తినుర్రి" అన్నాడు. లింగడు పొద్దున జొన్నరొట్టె పాలలో ముంచుకొని తింటాడు. ఆ ఇంట్లో పొద్దున్నే అన్నం పెడతారు. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని మనసులో రాసుకున్నాను.

నకిరేకల్ నిమ్మకాయలు

మా ఆయన మేనత్త బిడ్డ యాదమ్మ నకిరేకల్‌లో ఉంటుంది. నిమ్మకాయల మార్కెట్‌లో కాయలు ఏరే పని. పచ్చివి ఒక కుప్ప, పండువి ఒక కుప్ప, మచ్చలవి ఒక కుప్ప. నేను పోయేసరికి మార్కెట్ నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. ఒళ్లంతా నిమ్మ వాసన. నాలుగైదు కాయలు పిల్లల ముందు పోస్తే లింగడు వాటిని బంతులనుకొని ఇల్లంతా దొర్లించాడు.

అన్నాలు తిన్నాక సంగతి చెప్పాను. ఆమె అయ్యో పాపం అనలేదు, అదే నాకు మంచిగనిపించింది.

"నన్ను పెంచింది సవతితల్లే" అంది యాదమ్మ. "మంచిదే. కొట్టలే, తిట్టలే, కడుపునిండ పెట్టింది. కాని ఆమెను ఏమని పిలువాల్నో నాకు ఎవ్వలు చెప్పలే. ఆమెకు గూడ అడుగుడు సిగ్గు. పది పన్నెండేండ్లు ఏమనకుంటనే గడిపిన. ఆమె ఎదురుంగ వచ్చినాక మాట్లాడేది. ఎనకనుంచి ఒక్కనాడు పిలువలే."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు. పోయినంక అమ్మా అని ఏడ్సిన. ఏం ఫాయిద?" అని లేచి గిన్నెలు తీసింది. ఆ మాట విని నేను సరిగ్గా పట్టించుకోలేదు. నా బాధ నాకు పెద్దదిగా ఉంది. అప్పుడే బుద్ధి తెచ్చుకోవలసింది.

గట్టు కింద మువ్వలు

పొద్దున్నే బయలుదేరినా హైవే మీదే బండ్లు ఆగిపోయాయి. ఆటోవాడు ముప్పై చెప్పి, జనాన్ని చూసి యాభై చేసి, సగం దూరంలో దింపి నడవమన్నాడు. దుమ్ము ఎట్లా ఉందంటే నా రెండేళ్ల కిందటి మాట తప్పు కాదనిపించింది. అంతలోనే ఆ మాట విన్న సుజాత లేదని గుర్తొచ్చి, లింగణ్ణి చంకకెత్తుకొని నడిచాను.

గుట్ట చుట్టూ డేరాలే డేరాలు. పుట్నాలు, పేలాలు, చక్కెర బిళ్లలు పోసిన గుట్టలు, బెలూన్లు, పిల్లలు ఊదే పీకలు. ఒక చిన్న పీక పది రూపాయలు. కోస్గి సంతలో ఐదే. బేరం ఆడితే అమ్మేవాడు, "జాతర ధర అక్కా, దేవుడే పెట్టిండు" అని నవ్వాడు. డప్పులు కొడుతూ, ఓ లింగా, ఓ లింగా అని కేకలు వేస్తూ గుంపులు గుంపులుగా జనం గుట్టెక్కుతున్నారు. మా లింగడు తననే పిలుస్తున్నారనుకొని ప్రతి కేకకూ "ఆఁ!" అని పలికాడు. నలుగురు నవ్వి వాడికి పేలాలు ఇచ్చారు. ఒక్క నిమిషం నేను కూడా ఎందుకొచ్చానో మరిచిపోయి నవ్వాను.

ఇక నా తెలివి గురించి చెప్పాలి. మా కోస్గి వైపు గొల్లోళ్లం ఈ గట్టు ఆచారం ఎరగం. ఇక్కడికి మొక్కుకు వచ్చే మగవాళ్లు అంచులకు మువ్వలు, గజ్జెలు కుట్టిన లాగులు తొడుక్కొని గంతులు వేస్తారు. ఒక్కరిద్దరు కాదు, చూసిన చోటల్లా వాళ్లే. గుట్టంతా గల్లుగల్లుమంటోంది. చెల్లెలి ఇల్లు ఇక్కడే అయినా ఇన్నేళ్లలో ఒక్కసారి జాతరకు రాలేదు, నాకెట్లా తెలుస్తుంది? పీక కొని చిల్లర తీసుకుంటుండగా లింగడు చేయి జారిపోయాడు. మువ్వల చప్పుడు వినబడిన వైపు ఉరికితే మీసాలాయన. ఇంకో వైపు ఉరికితే ఇద్దరు ముసలోళ్లు. భవానిని ఈడ్చుకుంటూ, లింగా లింగా అని అరుస్తుంటే జనం నేను మొక్కులో ఉన్నాననుకొని నాతో పాటే "ఓ లింగా" అని గొంతు కలిపారు. ఇప్పుడు చెప్తుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ప్రతి దుకాణం బల్ల కింద వంగి వంగి వెతికాను.

భవానే చూసింది. "అగో, పెద్దమ్మా!"

బొమ్మల దుకాణాల వరుసలో లింగడు చేతులూపుకుంటూ నడుస్తున్నాడు. వాడి వెనక రెండడుగుల దూరంలో పసుపు చీర కట్టిన ఒక చిన్నపిల్ల, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, వంగి, రెండు చేతులూ వాడికి అటూ ఇటూ పెట్టి, ముట్టుకోకుండా నడుస్తోంది. జనం మీద పడుతుంటే మోచేతులతో ఆపుతోంది. నేను పోయి వాణ్ణి లాక్కున్నాను.

"అక్కా, నేను రేణుకను" అంది. "మిమ్ములను తోలుకపోదమని వచ్చిన. ఫోటోల చూసిన గద, ఫోన్ల చెప్పిన ఎర్రంగి చూసి గుర్తువట్టిన. ఎత్తుకుంటె ఏడుస్తడేమోనని ఎత్తుకోలే. ఎనకనే నడిసిన."

మల్లేశ్ రెండో భార్య ఎట్లా ఉంటుందోనని నేను నాలుగు నెలలుగా రకరకాలుగా ఊహించుకున్నాను. ఇట్లా మాత్రం ఊహించుకోలేదు. ఆమెను కోపంగా చూడడానికి ఒక్క సాకు దొరికితే బాగుండనిపించింది.

గంప ఎవరిది

సాకు దొరికింది. డేరా దగ్గర మల్లేశ్ తల్లి, పిల్లల అవ్వ, గంప సిద్ధం చేసి పెట్టింది. పిల్లలను దగ్గరికి తీసుకొని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకొని, "లేవే రేణుకా, గంప ఎత్తు" అంది.

"అత్తమ్మా, మొక్కింది మా సుజాత. నేను ఎత్తుత. దానికోసమే గింత దూరం వచ్చిన" అన్నాను.

"మొక్కు మనిషిది గాదు బిడ్డ, ఇంటిది. మా ఇంట్ల గట్లనే. మా ఇంటి గంప మా ఇంటి ఆడిబిడ్డగూడ ఎత్తది, కోడలే ఎత్తాలె" అంది అవ్వ. ఆగి, మెల్లగా, "పోయినసారే ఎత్తనిస్తే అయిపోతుండె" అంది.

ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. మల్లేశ్ "అమ్మా!" అని కసిరాడు. ఇంటికి పొమ్మన్నట్టే అనిపించింది. అక్కడే సంచి ఎత్తుకొని పోదునేమో గానీ, రేణుక నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, నాకు గంప ఎత్తుడు రాదు. కొంగు ఎట్ల చెక్కాలె? జర సూడు" అంది.

చుట్టబట్ట చుట్టి నెత్తిన పెట్టాను. కొంగు నడుముకు చెక్కుతుంటే ఆమె మెడలో పుస్తెలతాడుకు ఒక చిన్న బిళ్ల కనబడింది. మొదటి భార్య చచ్చిపోతే ఆమె పేర అట్లా బిళ్ల చేయించి రెండో భార్య మెడలో కడతారు. తెలిసిన ఆచారమే. అయినా నా చెల్లెలిని అంత చిన్నగా చూసేసరికి కళ్లల్లో నీళ్లు ఆగలేదు. రేణుక నా వేళ్లను చూసి, "దినాం మొక్కుత అక్కా" అంది. నేను గంప ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను.

పిల్లగాడు గంప ఎత్తిన మనిషి చంకలోనే ఉండాలి. లింగణ్ణి ఆమెకు ఇవ్వగానే గుట్ట దద్దరిల్లేలా ఏడుపు మొదలుపెట్టాడు. ఒక చేయి గంప మీద, ఒక చేత్తో వాడు. వాడు వెనక్కి వంగి నా వైపు చేతులు చాచి, అమ్మా అమ్మా అని ఒకటే అరుపు. నేను ఊరుకో నాన్నా, ఇక్కడే ఉన్నా కదా అంటూ వెనకాలే నడిచాను. గంప ఒరిగి పోతోంది. పక్కన ఇంకో గంప ఎత్తుకొని నడుస్తున్న పెద్దావిడ ఒకామె, ముక్కూ మొగం తెలియని మనిషి, నా వైపు తిరిగింది.

"ఏమమ్మా, నువ్వు కనపడుతున్నవనే ఏడుస్తుండు. నువ్వు పక్కకు పోరాదు, వాడే ఊకుంటడు."

ఆమె మాటకు కోపం రావాలి. రాలేదు. భవాని చేయి పట్టుకొని జనంలోకి తప్పుకొని ఒక బండ వెనక నిలబడ్డాను. కాసేపు ఏడుపు వినబడింది. తర్వాత తగ్గింది. రెండో చుట్టుకు వాళ్లు మళ్లీ వచ్చేసరికి లింగడు రేణుక భుజం మీద తల పెట్టి ముందున్న డప్పును చూస్తున్నాడు. వాడు ఊరుకున్నందుకు సంతోషపడాలి కదా. నేను బండకు మొహం ఆనించి ఏడ్చాను. భవాని నా కొంగు పట్టుకొని, "అమ్మ మొక్కు అయిపోయింది గద పెద్దమ్మా, ఏడువకు" అంది.

నేను సర్దుకోని మాట

గట్టు మీదే ఉన్న చౌడమ్మ తల్లికి పొట్టేలును కోసి మధ్యాహ్నానికి డేరా దగ్గర వండారు. మా దగ్గర కూర చిక్కగా నువ్వులు, పల్లీలు నూరి వండుతారు, రొట్టెతో తింటారు. ఇక్కడ పలుచగా కారంగా, అన్నంలోకి. లింగడికి కారం తగలకుండా రేణుక ముక్కలను నీళ్లలో కడిగి పెట్టింది. నేను చెప్పకముందే. నేను సంచి విప్పి ఒక్కొక్కటి చూపిస్తూ చెప్పాను. పొద్దున రొట్టె, పాలు. టీకా కార్డు. చెవికి పట్టు ముక్క. భవానికి తల దువ్వితే నొప్పి, కింది నుంచి చిక్కు తీయాలి. ఆమె అన్నీ విని, ఒకటికి రెండుసార్లు అడిగి, చివరికి తల దించుకొని అంది.

"అక్కా, ఇంకొకటి. లింగడు నన్ను ఏమని పిలువాలె? మా అత్తేమో అమ్మా అనిపియ్యమంటది. నాకు అనిపియ్య నోరొస్తలేదు. అది సుజాతక్క పేరు. ఇప్పుడు నీ పేరు."

అప్పుడు యాదమ్మ గుర్తుకొచ్చింది. మలీద నుంచి మువ్వల దాకా అన్నీ ఆలోచించాను. ఈ పని ఒకటి ఉందని మాత్రం నాకు తోచలేదు. ఇది అవ్వ చేయలేదు, మల్లేశ్ చేయలేడు, ఈ పిల్ల అసలే చేయలేదు. వాడికి ఆ మాట ఎవరి దగ్గర అంటిందో వాళ్లే తీయాలి.

లింగణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. "లింగా, అమ్మేదిరా?" అన్నాను. వాడు చటుక్కున నా బుగ్గ మీద వేలు పెట్టాడు. ఆ వేలు పట్టి రేణుక వైపు తిప్పాను. "గాడ అమ్మ. నేను పెద్దమ్మ." వాడు ఆట అనుకొని కిలకిల నవ్వాడు. మళ్లీ అడిగితే మళ్లీ నా బుగ్గే. మళ్లీ తిప్పాను. ఎన్నిసార్లు చేశానో. అవ్వ చూడలేక లేచి అవతలికి పోయింది. మల్లేశ్ పొయ్యిలో కట్టెలు సర్దుతూ ఇటు తిరగలేదు. చివరికి ఒకసారి వాడు రేణుక మోకాలి మీద వేలు పెట్టి, సరేనా అన్నట్టు నా మొహం చూశాడు.

"శభాష్" అన్నాను.

కనబడకుండా వెళ్లిపొమ్మని అవ్వ సలహా ఇచ్చింది. అట్లా పోను అన్నాను. చెప్పకుండా పోయిన మనిషి వాళ్లకు ఒకామె చాలు. సాయంత్రం రోడ్డు దాకా అందరూ వచ్చారు. భవాని నా నడుము పట్టుకొని చాలాసేపు వదలలేదు. ఎండాకాలం మందకు పోయేముందు పిల్లలను పది రోజులు కోస్గికి తోలుకొస్తానని మల్లేశ్ చెప్పాడు. లింగడి చేతిలో బెలూన్ ఉంది. పోయొస్తా బిడ్డా అంటే వాడు బెలూన్ చూస్తూనే టాటా అన్నాడు. బస్సు కదిలాక చూశాడేమో, నేను తిరిగి చూడలేదు.

కోస్గి

తిరుగు దారి గురించి రాయడానికి ఏమీ లేదు. బస్సులో కండక్టర్ ఎంతమంది అని అడిగితే ఒక్కదాన్నే అన్నాను. ఇంటికొచ్చి రెండు రోజులు మిషను తొక్కలేదు. మూడో రోజు పెళ్లివాళ్లు వచ్చి గొడవ పెడితే జాకెట్ల పని పట్టుకున్నాను. పొద్దున అలవాటుగా మూడు రొట్టెలు చేసి, మిగిలినవి పక్కింటి గేదెకు పెట్టాను.

పిల్లగాడు కుదురుకునే దాకా పది రోజులు ఫోన్ చేయొద్దని అవ్వ అంది. ఆ పది రోజులూ ఓపిక పట్టాను. పదకొండో రోజు పొద్దున వాళ్లే చేశారు. భవాని బడిలో చేరిందట, పక్కన కూర్చునే పిల్ల పేరు కూడా చెప్పింది. లింగడు రొట్టె అడుగుతున్నాడని, తాను ఇప్పుడు కాల్చడం నేర్చుకుంటున్నానని, విరిగిపోతున్నాయని రేణుక చెప్పింది. పిండిలో మరిగే నీళ్లు పోయమన్నాను. తర్వాత ఫోన్ వాడి చేతికిచ్చినట్టుంది, ఊపిరి చప్పుడు వినబడింది.

"లింగా" అన్నాను.

గొంతు ఎవరిదో వెతుక్కుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత ఫోన్ పక్కకు తీసి, "అమ్మా, పెద్దమ్మ!" అని ఇంట్లోకి కేకేశాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చి, నన్నే, "పెద్దమ్మా?" అన్నాడు.

"ఆఁ బిడ్డా" అన్నాను, "పెద్దమ్మనే."